పాత జీపు ప్లగ్గులను గూర్చి మేనల్లునికి

నర్సీపట్నము



లంబసింగిలో మంచు దట్టముగా పట్టిన వేకువలందు మన పాత జీపు ఎంతకును స్టార్టగుట లేదనియు, ఘాటీ ఎక్కునపుడు తడబడుచున్నదనియు, అందువలన మిక్కిలి ఖరీదైన ప్లగ్గులను తెప్పింపదలచితివనియు నీ ఉత్తరమువలన తెలిసికొంటిని. నాయనా, ఇంజనులోపల జరుగు సంగతులకు ప్లగ్గు సాక్షి; సాక్షి చెప్పునది వినక సాక్షిని మార్చినంతమాత్రమున వ్యాజ్యము తీరదు.

కావున ముందుగా పాతవానిని పరీక్షింపుము. ఇంజను చల్లారిన పిమ్మట, ప్లగ్గుల చుట్టు పేరుకొన్న దుమ్ము సిలిండరులో పడకుండ గాలికొట్టి తొలగించి, ఒక్కొక్కదానినే ఊడదీసి, సిలిండర్ల వరుసలోనే బల్లపై పేర్చుము. పింగాణి ముక్కు లేత గోధుమవర్ణముతో నున్నచో అంతయు సవ్యమే. పొడిమసి పట్టియున్నచో పెట్రోలు పాలు హెచ్చినదని యర్థము: సముద్రమట్టమునకు సుమారు 1000 మీటర్ల యెత్తున గాలి పలుచనగుటచే, మైదానమున సరిపోయిన కార్బురేటరు కొలత అక్కడ అధికమగును, లాగిన చోకును తిరిగి నెట్టుట మరచినను ఇదియే ఫలము. నల్లగా జిడ్డుగా నున్నచో లోనికి నూనె చేరుచున్నది. మన జీపు రకమగు, 1953లో వెలువడిన సీజే-3బీకి బానెట్టు అంత ఎత్తుగా నుండుటకు కారణమైన హరికేన్ ఇంజనులో, మిశ్రమమును పీల్చు వాల్వులు హెడ్డునందే యుండును. వాని గైడులు అరిగినచో, ఘాటీలో డౌనూరువైపు గేరులో దిగునపుడు, యాక్సిలరేటరు వదలుటచే కలుగు శూన్యము నూనెను లోనికి లాగును. తెల్లబడి బొబ్బలెత్తి యున్నచో వేడి మితిమీరినది. ఈ దోషములను సరిదిద్దక క్రొత్తవానిని బిగించినచో, అవియు కొలదికాలములోనే పాతవాని గతినే పట్టును.

ఇక ఎన్నిక మాట. ముక్కు సుమారు 450 డిగ్రీల సెంటిగ్రేడునకు తక్కువ వేడిలో నున్నచో మసి కాలిపోదు. 850 దాటినచో స్పార్కునకు పూర్వమే మిశ్రమము అంటుకొనును. మంచువేళ వేడిని నిలుపుకొను ‘వేడి’ ప్లగ్గును, నిండుబరువుతో సాగు ఆరోహణము వేడిని త్వరగా విడుచు ‘చల్లని’ ప్లగ్గును కోరును గనుక, ఆ ఇంజనునకు చెప్పియున్న ఛాంపియన్ జె-8 తరగతినే పట్టుకొనుము. వేరు కంపెనీది కొనవలసివచ్చినచో అంకెలను జూచి మోసపోకుము. ఛాంపియన్‌లో అంకె పెరిగినకొలది వేడిది, ఎన్‌జీకేలో చల్లనిది. 1951లో బెంగుళూరున వెలసిన మైకో కంపెనీవారి పాత ప్లగ్గు డబ్బాలపై 145, 175, 225 అని పెరిగినకొలది చల్లనివి కాగా, తరువాతి బాష్ అంకెలు అందుకు విపరీతములు. మరలు 14 మిల్లీమీటర్లవి, వాని పొడవు అంగుళములో మూడెనిమిదవ వంతు ఉండవలెను. పొడవు హెచ్చినచో లోనికి పొడుచుకొనివచ్చిన మరలు ఎర్రగా కాగి అకాలజ్వలనము కలిగించుటయేగాక, కదలు భాగములకు తగులు ప్రమాదమును కలదు.

బిగించుటకు ముందు ఫీలర్ గేజితో 0.030 అంగుళము, అనగా సుమారు ముప్పాతిక మిల్లీమీటరు, గ్యాపు పెట్టుము. ప్రక్క కొక్కెమునే మెల్లగా వంచవలెను. నడిమి కడ్డీపై బలము పెట్టినచో పింగాణి చిట్లును. పిదప పానా ముట్టక, వాషరు ఆనువరకు వ్రేళ్లతోనే త్రిప్పుము. మధ్యలో బిగుసుకొన్నచో మర పెడగా ఎక్కుచున్నదని గ్రహించి, వెనుకకు త్రిప్పి మరల మొదలిడుము. పోత ఇనుప హెడ్డులో మర చెడినచో బాగుచేయుట మహాప్రయాస. క్రొత్త వాషరు ఆనిన పిమ్మట పానాతో అరచుట్టు చాలును. మునుపే నలిగిన వాషరునకు అందులో కొద్ది భాగమే వలయును. తీగెలను 1-3-4-2 అను క్రమము తప్పకుండ తగిలింపుము. చలివేళ పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు తడిసినచో, పదేపదే సెల్ఫు కొట్టి బ్యాటరీని హరింపక, విప్పి తుడిచి ఆరబెట్టుము. తెరచిన ప్లగ్గు రంధ్రముచెంత మాత్రము స్పార్కు పరీక్షింపకుము, అందుండి వెలువడు ఆవిరి భగ్గున మండును.

కార్బురేటరును సరిచేయించి, పాతవానినే శుభ్రపరచి బిగించి, బరువుతో ఒకమారు ఘాటీ ఎక్కి, పైకి చేరినంతనే, ఊరక ఆడనీయక ఇంజను నాపి, చల్లారనిచ్చి, నాలుగింటి రంగును సిలిండర్ల వరుసలో వ్రాసి పంపుము. అది చూచిన పిమ్మటనే క్రొత్తవి కొనవలయునో, గైడులు మార్పింపవలయునో నిర్ణయింతము. అంతవరకు దుకాణమునకు పైకము పంపకుము.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి,
మేనమామ