కిందికి లాగే నేల, పైకి నెట్టే నీరు

దివ్య ఖుర్ఆన్‌లోని అర్రహ్మాన్ సూరా ఆరంభంలో ఆకాశాన్ని పైకెత్తిన సంగతి, త్రాసును నెలకొల్పిన సంగతి ఒకేచోట ప్రస్తావించబడ్డాయి. తూనికల్లో మోసం చేసేవారి పేరుతో ముతఫ్ఫిఫీన్ అనే సూరాయే ఉంది. త్రాసుకు ఇంత ప్రాధాన్యం ఇచ్చే మనం, దాని పళ్లెంలో పనిచేసే బలాలేమిటో కూడా కాస్త తెలుసుకోవద్దా?

ప్రతి వస్తువునూ భూమి తన వైపుకు లాగుతుంది. దాన్నే మనం బరువు అంటున్నాం. వస్తువు నీళ్లలో మునిగితే మరో బలం తోడవుతుంది. లోతుకు పోయేకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది కనుక, వస్తువు అడుగున పడే ఒత్తిడి పైన పడేదానికన్నా ఎక్కువగా ఉంటుంది. ఈ తేడాయే దాన్ని పైకి నెడుతుంది. ఎంత బలంతో? వస్తువు ఎంత నీటిని తొలగించిందో అంత నీటి బరువుతో. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలోనే ఆర్కిమెడిస్ ఈ సూత్రాన్ని చెప్పాడు. బావిలో బిందె నీళ్లలో ఉన్నంతసేపు తేలిగ్గా వచ్చి, నీళ్లు దాటగానే చేతులు లాగేయడం మన నానమ్మలకు ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు.

పిల్లలకు చూపించాలంటే ఒక గ్లాసు, పచ్చి కోడిగుడ్డు, ఉప్పు చాలు. తాజా గుడ్డు మంచినీళ్లలో మునుగుతుంది. ఉప్పు బాగా కలుపుతూ పోతే నీరు చిక్కనై, చివరకు అదే గుడ్డు పైకి తేలుతుంది. గుడ్డు బరువు మారలేదు, పైకి నెట్టే బలం పెరిగింది, అంతే!

ఈ విద్యను బజారు న్యాయానికి మళ్లించినవారిలో ముస్లిం పండితులకు గొప్ప స్థానముంది. 11వ శతాబ్దపు తొలినాళ్లలో అల్ బీరూనీ లోహాలను, రత్నాలను నీరు నిండిన పాత్రలో వేసి, పొర్లిన నీటిని తూచి వాటి సాంద్రతలను నిర్ణయించారు. ఆయన తర్వాత అల్ ఇస్ఫిజారీ అనే పండితుడు కల్తీని పట్టే త్రాసును తయారుచేసి సుల్తాన్ సంజర్ ఖజానాకు సమర్పించారు. తన గుట్టు బయటపడుతుందని భయపడిన ఖజానాదారు దాన్ని పగలగొట్టాడని, ఆ దుఃఖంతోనే ఇస్ఫిజారీ కన్నుమూశారని చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. త్రాసంటే ఎవరికి భయమో చూడండి! కాని పని ఆగిపోలేదు. మర్వ్ నగరంలో (నేటి తుర్క్‌మెనిస్తాన్) బానిసగా పెరిగి, యజమాని చదివించగా పండితుడైన అల్ ఖాజినీ అలాంటి త్రాసునే మళ్లీ నిర్మించి, హిజ్రీ 515లో, అంటే క్రీ.శ. 1121-22లో, 'మీజానుల్ హిక్మా' గ్రంథాన్ని పూర్తిచేశారు. ఆ త్రాసుకు ఐదు పళ్లేలు. వాటిలో ఒకటి నీళ్లలో మునిగి ఉంటుంది.

ఆ నీటి పళ్లెం చేసే పని ఇది. మేలిమి బంగారం నీటికన్నా 19.3 రెట్లు బరువు, వెండి 10.5 రెట్లు. 193 గ్రాముల మేలిమి బంగారం నీళ్లలో 183 గ్రాములే తూగుతుంది. అదే 193 గ్రాముల్లో పావువంతు వెండి కలిస్తే, ముద్ద కొంచెం పెద్దదై ఎక్కువ నీటిని తొలగిస్తుంది. అప్పుడది నీళ్లలో సుమారు 181 గ్రాములే తూగుతుంది. బయట సమానంగా తూగిన రెండు ముద్దలు నీళ్లలో విడిపోతాయన్నమాట. అయితే ఈ పరీక్ష అన్నిచోట్లా పనికిరాదు. టంగ్‌స్టన్ లోహం సాంద్రత 19.25. దాన్ని లోపల పెట్టి పైన బంగారం పూస్తే నీళ్లు కూడా మోసపోతాయి. రాళ్లు పొదిగిన నగలకూ, లోపల డొల్లగా ఉన్నవాటికీ ఈ లెక్క కుదరదు. జకాత్ కోసం 7.5 తులాలు, అంటే 87.48 గ్రాముల లెక్క వేసుకునేటప్పుడు నగలోని రాళ్ల బరువును బంగారంలో కలిపేయకూడదని మన ఇళ్లలో గుర్తుంచుకోవాలి.

ఖాజినీ మరో మాట కూడా చెప్పారు. నీరొక్కటే కాదు, గాలి కూడా వస్తువులను పైకి నెడుతుందని! నిజమే, ఒక లీటరు గాలి సుమారు 1.2 గ్రాములు తూగుతుంది. మన శరీరం 70 లీటర్ల చోటు ఆక్రమిస్తుందనుకుంటే, బరువు చూసే యంత్రం మీద నిలబడ్డ ప్రతిసారీ గాలి మనల్ని 80 గ్రాములకు పైగా తేలిక చేసి చూపిస్తోంది.