కడుపు ఆకలి వేరు, మనసు ఆకలి వేరు



ధమ్మ బంధువులారా, ఈ పాఠం తిండి గురించి. తిండి ముచ్చట ఎవరు ఎత్తినా మనకు ముందు అనుమానమే వస్తది. ఏం తింటారో చూసే కదా మన తాతముత్తాతలను ఊరవతల పెట్టిండ్రు! అందుకే మొదలే ఒక మాట. ఇది మంచి తిండి, అది మైల తిండి అనే కులం లెక్క ధమ్మంలో లేదు. మైల మాంసంలో లేదని, హింసలో, దొంగతనంలో, అబద్ధంలో ఉందని ఆమగంధ సుత్తం చెప్తుంది. మన ప్రశ్న వేరు: తినేటప్పుడు మన లోపల ఏం జరుగుతుంది?

ముందు ఆకలి సంగతి. ఆళవిలో ఒక పేద రైతు బుద్ధుని మాట వినాలనుకున్నాడు. ఆ రోజే అతని ఎద్దు తప్పిపోయింది. వెతికి వెతికి, ఆకలితో ఆలస్యంగా వచ్చాడు. బుద్ధుడు ముందు అతనికి అన్నం పెట్టించి, ఆ తర్వాతే ధమ్మం చెప్పాడు. ధమ్మపద అట్ఠకథలోని కథ ఇది. కరువుకు పాలమూరు, నల్లగొండ విడిచి వలసపోయినోళ్ల బిడ్డలం మనం. ఆకలి గొప్పదని మనకెవరూ చెప్పొద్దు. ఆకలైతే కడుపునిండ తినాలె.

ఆకలి ఎట్ల పుడుతుంది? కడుపు ఖాళీ అయితే గ్రెలిన్ అనే హార్మోన్ పెరిగి, మెదడులోని హైపోథాలమస్‌కు కబురు చేస్తుంది. తిన్నాక పేగుల నుంచి ‘చాలు’ అనే కబురు పోతుంది. అది అందడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. గబగబా తింటే ఆ కబురు చేరేలోపే ఎక్కువ తినేస్తాం. ఒంట్లోని కొవ్వు కూడా లెప్టిన్ అనే హార్మోన్‌తో తన నిల్వ ఎంతుందో మెదడుకు తెలుపుతుంది. కఠినమైన ఉపవాసాలతో ఒళ్లు తగ్గితే లెప్టిన్ తగ్గి, ఆకలి ఇంకా రెచ్చిపోతుంది. సిద్ధార్థుడు ఒళ్లు ఎండబెట్టుకునే తపస్సు విడిచి సుజాత పాయసం తిన్నది ఊరికే కాదు.

ఇక రెండో ఆకలి. మెదడులో డోపమైన్ అనే రసాయనం ఉంది. 1990లలో వోల్ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతులకు పండ్లరసం ఇచ్చి పరీక్షించాడు. మొదట రసం తాగినప్పుడు డోపమైన్ కణాలు చురుకయ్యాయి. ‘రసం వస్తుంది’ అని ముందే సూచించే గుర్తు అలవాటయ్యాక, ఆ గుర్తుకే చురుకయ్యాయి. బేకరీ అద్దం కనబడగానే మన కాళ్లు ఆగుడు కూడా ఇట్లాంటిదే. కెంట్ బెరిడ్జ్ అనే మరో శాస్త్రవేత్త ఎలుకల మీద ఇంకో సంగతి చూపించాడు. డోపమైన్ పోయిన ఎలుకలకు తీపి రుచి నచ్చుతూనే ఉంది కానీ, దాని కోసం అవి కదలవు. అంటే నచ్చడం వేరు, కావాలనిపించడం వేరు. అంతగా నచ్చకపోయినా ఇంకా కావాలనే ఆ గుంజుడును మన ధమ్మంలో తణ్హ అంటాం.

ఈ గుంజుడు మీదనే ప్యాకెట్ల వ్యాపారం నడుస్తుంది. 2019లో అమెరికాలో కెవిన్ హాల్ బృందం 20 మందికి రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టింది. ఎంత తినాలన్నది వాళ్ల ఇష్టం. ఫ్యాక్టరీ తిండి ఉన్నప్పుడు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, బరువు పెరిగారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024 మార్గదర్శకాలలో ఇలాంటి తిండి తగ్గించమనే చెప్పింది.

అక్కలారా, అన్నలారా, మనసు మీద చెయ్యేసుకొని చెప్పుండ్రి. పిల్లగాడు ఏడిస్తే ఐదు రూపాయల ప్యాకెట్ చేతిల పెడ్తలేమా? ‘నాకు దొరకలే, నా బిడ్డకన్న దొరకాలె’ అనే ప్రేమ అది. ఆ ప్రేమ తప్పు కాదు. కానీ ఏడ్పుకు తిండే మందు అని ఆ పసి మెదడు నేర్చుకుంటది. రేపు పెద్దయినంక అవమానమైనా, అలసటైనా చెయ్యి అటే పోతది. జొన్నరొట్టె తిని పెరిగిన మన వాడల్ల ఇయ్యాల షుగర్ గోలీలు లేని ఇల్లెక్కడుంది?

కోసల రాజు పసేనది కథ వినండి. అతిగా తిని, ఆయాసపడుతూ బుద్ధుని దగ్గరికి వచ్చాడు. మితం తెలిసి తినేవాని బాధలు తగ్గుతాయనే అర్థం వచ్చే గాథ ఒకటి బుద్ధుడు చెప్పాడు. దాన్ని భోజనం వేళ తనకు వినిపించమని రాజు సుదస్సనుడనే యువకునికి పని అప్పజెప్పాడు. రాజు తిండి మెల్లగా తగ్గింది, ఒళ్లు తేలికైంది. బుద్ధుడు తిండి మాన్పించలేదు. తినే చేతికి, నోటికి మధ్యన ఎరుకను నిలబెట్టాడు.

మనకు సుదస్సనుడు లేడు, సతి ఉంది. ఈ వారం ఇట్ల చేసి చూడండి:

1. మొదటి ముద్దకు ముందు మూడు శ్వాసలు గమనించండి. ‘ఇది కడుపు అడుగుతుందా, కన్ను అడుగుతుందా?’ అని అడగండి.

2. టీవీ, ఫోన్ పక్కన పెట్టి, మెల్లగా నమిలి తినండి. రెండోసారి వడ్డించుకునే ముందు కాసేపు ఆగండి.

3. పిల్లలు ఏడిస్తే ముందు ఎత్తుకోండి, మాట్లాడండి. ఆకలైతే ఇంటి తిండి పెట్టండి.

4. షుగర్ గోలీలు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఉపవాసాలు చేయొద్దు.

ఒకప్పుడు మన పళ్లెంలో ఏముండాలో ఊరి పెత్తందార్లు నిర్ణయించిండ్రు. ఆ పెత్తనాన్ని బాబాసాహెబ్ బాటలో ఎదిరించినం. ఇయ్యాల దాన్ని కంపెనీ చేతికి ఇయ్యొద్దు. మన పళ్లెం మన ఎరుకలో ఉండాలె.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!