బొగ్గుపులుసు వాయువు: రక్తంలో దాని ప్రయాణం

కార్బన్ డయాక్సైడును మన పాత వాచకాలు ‘బొగ్గుపులుసు వాయువు’ అన్నవి. నేటి విద్యార్థికి ఈ మాట నవ్వు తెప్పించవచ్చును. కాని తెలుగు బోధించే నాకు ఇందులో ఒక చక్కని నిర్వచనం కనిపిస్తున్నది. కర్బనం బొగ్గు, ఆమ్లం పులుసు. ఉర్దూలో ఆమ్లాన్ని ‘తుర్షా’ అంటారు; అదియును పులుపు నుండి పుట్టిన మాటయే. బొగ్గు కాలగా పుట్టి, నీటిలో కలిసి పులుసుగా మారే వాయువు అని దీని భావం. రక్తంలో ఈ వాయువు నడిచే తీరు చాలవరకు ఈ మాటలోనే ఇమిడి ఉన్నది.

బొగ్గు మన ప్రాంతానికి క్రొత్త కాదు. ఇల్లందు వద్ద 1889లో త్రవ్వకం ప్రారంభమైనది. గాలి ఆడని పాత గనులలో ఈ వాయువు నత్రజనితో కలిసి నేలబారుగా నిలుస్తుంది. దీపం మందగిస్తే మనిషి వెనుదిరగవలెను. పాడుబడిన బావులలోను, ధాన్యపు పాతరలలోను ఇదే ప్రమాదం. అయితే ఆ వాయువే మన దేహంలో అనుక్షణం పుడుతున్నదన్న సంగతి మరచిపోతాము.

విశ్రాంతిగా ఉన్న మనిషిలో నిమిషానికి సుమారు 200 మిల్లీలీటర్ల బొగ్గుపులుసు వాయువు తయారవుతుంది. 100 మిల్లీలీటర్ల సిరల రక్తంలో ఇది సుమారు 52 మిల్లీలీటర్లు, ధమనుల రక్తంలో 48. ఈ తేడా 4 మిల్లీలీటర్లే ఊపిరితిత్తులలో విడువబడుతుంది. గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని పంపుతుంది కనుక లెక్క 200కు సరిపోతున్నది.

రక్తం ఈ బరువును మూడు విధాలుగా మోస్తుంది. కొద్ది భాగం, సుమారు 7 శాతం, కరిగి ఉంటుంది. 23 శాతం వరకు హీమోగ్లోబిన్‌ను అంటుకొని పోతుంది. మిగిలిన 70 శాతం బైకార్బొనేటుగా మారుతుంది. ఎర్ర కణాలలోని కార్బోనిక్ ఆన్‌హైడ్రేజ్ అనే ఎంజైము వాయువును నీటితో క్షణంలో కలిపి పులుసు చేస్తుంది. ఆ పులుపును హీమోగ్లోబిన్ స్వీకరిస్తుంది; బైకార్బొనేటు కణం వెలుపలికి పోగా, దాని స్థానంలో క్లోరైడు లోనికి వస్తుంది. ఊపిరితిత్తులలో ప్రాణవాయువు చేరగానే హీమోగ్లోబిన్ తన బరువును దింపుతుంది. 1914లో దీనిని వివరించిన ముగ్గురిలో ఒకరైన హాల్డేన్, గనుల వాయువులను పరిశోధించిన శాస్త్రజ్ఞుడే కావడం గమనార్హం.

ఇక కొలత. వాన్ స్లైక్ పరికరంలో రక్తానికి ఆమ్లం చేర్చి, శూన్యంలో వెలువడిన వాయువును కొలిచేవారు. ఇది మొత్తాన్ని చెప్పును గాని కారణాన్ని చెప్పదు. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో ప్రబలినప్పుడు రోగుల రక్తంలో ఈ మొత్తం హెచ్చుగా కనిపించినది. రక్తంలో క్షారం పెరిగినదని వైద్యులు భావించారు. శ్వాస ఆడక వాయువు లోపలనే నిలిచిపోయినదని, రక్తం పులిసినదని ఇబ్‌సెన్ అనే మత్తువైద్యుడు గుర్తించాడు. ఆగస్టు 27న పన్నెండేళ్ల బాలిక శ్వాసనాళంలో గొట్టం అమర్చి, చేతితో సంచిని నొక్కి శ్వాస ఆడించాడు. ఆమె బ్రతికినది. పిదప వైద్యవిద్యార్థులు రేయింబవళ్లు వంతులవారీగా సంచులు నొక్కి ఎందరినో కాపాడారు.

ఒకే సంఖ్యకు రెండు అర్థాలెట్లు? బైకార్బొనేటు, కరిగిన వాయువు 20:1 నిష్పత్తిలో ఉన్నంతకాలం రక్తపు పి.హెచ్. 7.4. వాయువు పెరిగితే బైకార్బొనేటు కూడా పెరుగుతుంది. కాని నిష్పత్తి తగ్గుతుంది. కాబట్టి పి.హెచ్.ను, వాయుపీడనాన్ని కూడా చూడవలెను. 1958లో సెవరింగ్‌హాస్ ఎలక్ట్రోడ్ ఈ పీడనాన్ని నేరుగా కొలిచే మార్గం చూపినది. ధమనిలో అది 35 నుండి 45 మిల్లీమీటర్ల పాదరసం.

ఈ పాఠం మన అడవి అంచు గ్రామాలకు దూరమైనది కాదు. వానకాలపు రాత్రి నేలపై నిద్రించువారిని కట్లపాము కాటు వేస్తే నొప్పి స్వల్పం. తెల్లవారేసరికి కనురెప్పలు వాలుతాయి, శ్వాస కండరాలు సడలుతాయి. అప్పుడు ప్రాణవాయువు అందిస్తే వ్రేలికి తొడిగే పరికరం 98 అని చూపవచ్చును; అయినను లోపల బొగ్గుపులుసు వాయువు పేరుకొంటూనే ఉండవచ్చును. విషపు విరుగుడుతో పాటు ఆ మనిషికి కావలసినది శ్వాస ఆడించే చేయి. కాబట్టి విద్యార్థులారా! మంత్రానికి గాని పసరుకు గాని గడియ వృథా చేయక ఆసుపత్రికి చేర్చుడని మీ పల్లెలలో చెప్పండి. త్రోవలో శ్వాస మందగిస్తే నోటితోనైనా ఊపిరి అందించవలెనని నేర్పండి. ఊపిరి తీసుకొనుట ఎంత ముఖ్యమో, విడుచుటయు అంతే ముఖ్యము.