ముందు నీ ముఖమే చూస్తుంది

చిట్టితల్లికి,

రాత్రి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. ఇంత ఎండల్లోనూ ఆ తొమ్మిదో తరగతి పిల్ల చొక్కా చేతులు కిందికి లాక్కుంటూనే ఉండేదన్నావు. ల్యాబ్‌లో బీకర్లు కడగడానికి చేతులు పైకి మడిచినప్పుడు కోసుకున్న ఆ గీతలు నీ కంటబడ్డాయి. "ఎవరికీ చెప్పొద్దు టీచర్, ఒట్టెయ్యండి" అంటే నువ్వు సరేనన్నావు. డీఎస్సీలో పోస్టింగ్ వచ్చి ఏడాది కూడా కాలేదు, ఆ నిమిషంలో ఇంకేమంటావులే. కానీ ఆ ఒట్టు రేపే తీసి గట్టున పెట్టాలి. "మొన్న తొందరపడి మాటిచ్చాను. నీకేమన్నా అవుతుందని భయమేస్తుంటే నాలోనే దాచుకోలేను. ఎవరికి చెప్పాలో, ఎంత చెప్పాలో మాత్రం నీతో మాట్లాడాకే" అని ఆ పిల్లతోనే చెప్పు. కోపం వస్తుంది, రానీ. చాటుగా చెప్పేస్తే మాత్రం ఇంకే పెద్దవాళ్లనీ నమ్మదు.

నా సంగతి ఒకటి చెప్తాను. ఇన్నేళ్లుగా మీ పెదనాన్నకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఎనిమిదో తరగతి పిల్లాడు, లెక్కల్లో చురుకు. పంపు దగ్గర చేతులు కడుక్కుంటుంటే అలాంటి గీతలే చూశాను. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "ఛీ, ఏంట్రా ఇది?" అంతే. వాడు చొక్కా చెయ్యి కిందికి లాక్కుని గుండీ పెట్టుకోబోయాడు. తడివేళ్లు, పైగా వణుకు, గుండీ పట్టలేదు. ఆ గుండీ నాకిప్పటికీ కళ్లకు కడుతుంది. హెచ్‌ఎం గదికి నేనే తీసుకెళ్లాను. వాళ్ల నాన్నని పిలిపించారు. ఆయన వరండాలోనే, అందరూ చూస్తుండగా, రెండు తగిలించాడు. మర్నాడు ప్రేయర్‌లో హెచ్‌ఎం "పిచ్చి పనుల" మీద పావుగంట మాట్లాడారు. పేరు చెప్పలేదనుకో, బడి బడంతా ఒకవైపే తిరిగి చూసింది. సంక్రాంతి సెలవుల తర్వాత వాడు రాలేదు. తాపీ పనికి వెళ్తున్నాడని ఎవరో చెప్పారు. బతికున్నాడు కదా అని ఊరట పడ్డాను చూడూ, ఆ ఊరటకే సిగ్గేస్తుంది.

అందుకే చెప్తున్నా, నీ మాట కంటే ముందు పిల్ల నీ ముఖం చూస్తుంది. అసహ్యం, హడావుడి, ఏడుపు, ఏదీ కనబడనీయకు. గాయం పచ్చిగా ఉంటే ఏఎన్ఎంతో కట్టు కట్టించు. పాత మచ్చలు చూపించమని అడగకు, లెక్కపెట్టకు. ఫోటో తీసి స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టే మహానుభావులుంటారు, వాళ్లకి చిక్కనీయకు.

ఇలా ఎందుకు కోసుకుంటారని అడిగావు. చావడానికే అనుకోకు. లోపల మరుగుతున్నది బయటికి చెప్పుకోలేక, ఆ కాసేపైనా చల్లబడుతుందని చేసుకునే పిల్లలే ఎక్కువ. మొదలయ్యేదీ చాలావరకు ఈ హైస్కూలు వయసులోనే. అలాగని తేలిగ్గా తీసుకోవద్దు. ఇవాళ చావాలని లేకపోయినా, ముందుముందు ఆ ఆలోచన వచ్చే ప్రమాదం ఇలాంటి పిల్లలకి మిగతావాళ్లకంటే ఎక్కువ. స్టాఫ్‌ రూమ్‌లో ఎవరో ఒకరు "అటెన్షన్ కోసం వేషాలు" అంటారు. అటెన్షన్ కావలసిన పిల్ల ఎర్రటి ఎండలో చేతులు దాచుకుంటుందా?

కాబట్టి అడగాలి, సూటిగానే. "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా?" అని. అడిగితే లేనిపోని ఆలోచన పెట్టినవాళ్లమవుతామని నేనూ ఏళ్ల తరబడి భయపడ్డాను. అది అపోహేనని పరిశోధనలు తేల్చాయి, అడిగితే పిల్లల గుండె కాస్త తేలికపడుతుంది కూడా. లేదని చెప్తే, బాధ ఎప్పుడు ఎక్కువవుతోందో, అప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లగలదో మాట్లాడు. అవునంటే, అందులోనూ ఎలాగో, ఎప్పుడో కూడా అనుకుని ఉంటే, ఇక ఒంటరిగా వదలకు. హెచ్‌ఎంకి చెప్పి ఆ పూటే ఆసుపత్రి. ప్రాణం మీదికొచ్చేలా ఉంటే 108. పోలీసు కేసవుతుందని ఎవరైనా వెనకాడితే, 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం గురించి చెప్పు. అలాంటి ప్రయత్నం చేసినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే ఆ చట్టం భావిస్తుంది, శిక్ష కాదు, వైద్యం అందించాలంటుంది.

ఇంక ఇంటికి చెప్పడం. ఇక్కడే నేను తప్పు చేశాను. ఫోన్ చేసేముందు బాధ ఎక్కడినుంచి వస్తోందో తెలుసుకో. మార్కులా, ఫోనులో ఎవరైనా ఏడిపిస్తున్నారా, పెళ్లిచూపుల మాటలు మొదలయ్యాయా? ఇంట్లోవాళ్లే చెయ్యి వేస్తుంటే ఆ ఇంటికే ఫోన్ చేయడమంటే పిల్లని తిరిగి అప్పజెప్పడమే. అందులో లైంగిక వేధింపు బయటపడితే పోక్సో చట్టం ప్రకారం చెప్పడం మన ఇష్టాయిష్టాల మీద ఉండదు, పోలీసులకి చెప్పి తీరాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 కూడా ఉంది. అలాంటిదేమీ లేకపోతే తల్లిని పిలువు, పిల్లకి ముందే చెప్పి. కొట్టొద్దని, ఒట్లు వేయించొద్దని చెప్పు. ఒట్టేస్తే మానరు, ఇంకా లోతుగా దాచుకుంటారు. చేలల్లో కొట్టే మందులు, ఇంట్లోని మాత్రలు తాళం వేసి పెట్టమను. ఇది నసలా వినిపిస్తుంది గానీ, ఆవేశం వచ్చిన ఆ కాసేపు చేతికి అందకపోవడమే చాలా ప్రాణాలు కాపాడింది.

మీ బడిలో కౌన్సెలర్ లేరన్నావు. విశాఖలో నీట్‌కి చదువుతూ 2023లో చనిపోయిన అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక అర్హతగల కౌన్సెలరో, సైకాలజిస్టో ఉండాలి, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి అంది. కాగితం మీదున్నది బడిదాకా రావడానికి ఎంతకాలం పడుతుందో నాకు తెలుసు. అయినా ఆ తీర్పు కాపీ ఒకటి హెచ్‌ఎం టేబుల్ మీద పెట్టు, మర్యాదగానే.

కౌన్సెలర్ ఎందుకు కావాలంటే, బీహార్‌లో నలంద జిల్లా హైస్కూళ్లలో ఒక ప్రయోగం జరిగింది, 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. కొన్ని బడుల్లో పిల్లల మనసు సంగతులు చూసే పని అక్కడి టీచర్లకే ఇచ్చారు, కొన్నింట్లో అందుకోసమే శిక్షణ ఇచ్చిన ఒక మామూలు మనిషిని పెట్టారు. ఆ మనిషి ఉన్న బడుల్లో దిగులూ, ఏడిపించుకోవడాలూ తగ్గాయి. టీచర్లు చేసినచోట చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. చదివి కాస్త ఉడుక్కున్నాను. తర్వాత అనిపించింది, మార్కులు వేసే చేతికి మనసు అప్పగించడం ఏ పిల్లకైనా కష్టమే కదా. కాబట్టి నువ్వే వైద్యం చేసెయ్యాలని నెత్తికెత్తుకోకు. 14416, టెలిమానస్ హెల్ప్‌లైన్, డబ్బులు తీసుకోరు, ఏ వేళప్పుడైనా తెలుగులోనే మాట్లాడతారు. మొదటిసారి నీ ఫోన్‌లోంచి నువ్వే కలిపి ఇవ్వు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడు ఏ రోజు చూస్తారో కనుక్కుని, వీలైతే తోడు వెళ్లు. "పిచ్చాసుపత్రా" అని తల్లి గొల్లుమంటుంది. "నిద్రపట్టక, దిగులుతో పిల్ల నలిగిపోతోంది, డాక్టరుకి చూపిద్దాం" అంటే వస్తుంది.

ఈ విషయం టీచర్లకంటే ముందు పక్క బెంచీ పిల్లకి తెలిసి ఉంటుంది. అందుకని క్లాసులో గాయాల గురించి ఎత్తకు. పేరు లేకుండా చెప్పినా ఒకరిని చూసి ఒకరు నేర్చుకునే వయసది. దిగులేస్తే ఏం చేస్తాం, స్నేహితురాలు దిగులుగా ఉంటే ఏ పెద్దవాళ్లకి చెప్తాం, ఇవి మాట్లాడు. చెప్పడం చాడీ కాదని వాళ్లకి ఎవరూ చెప్పరు.

నువ్వు అన్నం తిన్నావో లేదో ఆ మెసేజ్‌లో లేదు. రాత్రంతా ఆ బరువు మోసి ఉంటావు. గురువారం బడి అయ్యాక ఫోన్ చెయ్యి. మధ్యాహ్న భోజనం దగ్గర ఆ పిల్ల ఎవరి పక్కన కూర్చుంటోందో చూసి చెప్పు.

మీ పెద్దమ్మ