గాలి పెరిగితే ఏ కైట్?

ప్రశ్న: రామేశ్వరంలో కైట్‌సర్ఫింగ్ నేర్చుకున్నాను. బరువు 75 కిలోలు. 12 చదరపు మీటర్ల కైట్ ఒక్కటి కొంటే చాలా? గాలి ఎక్కువైతే బార్‌తో సర్దుకోవచ్చంటున్నారు.

జవాబు: చాలదండీ. గాలి వేగం రెట్టింపైతే కైట్ లాగే బలం దాదాపు నాలుగింతలవుతుంది. మామూలు ట్విన్‌టిప్ బోర్డు మీద మీ బరువుకు 12 మీటర్ల కైట్ 15 నాట్ల గాలిలో హాయిగా ఉంటుంది. 20 నాట్లకు 9 కావాలి, 25 దాటితే 7. బార్ వదిలినా, స్ట్రాప్ లాగి ముందు తాళ్లు పొట్టి చేసినా కైట్ గాలిని పట్టే కోణం తగ్గి జోరు తగ్గుతుంది, నిజమే. కానీ దానికీ ఓ హద్దుంది. స్ట్రాప్ పూర్తిగా లాగేశారు, బార్ చేతికి అందీ అందనట్టుంది, అయినా బోర్డు అంచు నీటిలో నిలవక జారిపోతోంది. అంటే కైట్ పెద్దదైందన్నమాట. వెంటనే ఒడ్డుకు వచ్చేయండి.

అన్నట్టు, భయం వేయగానే కొత్తవాళ్లు బార్‌ను గుండెలకు హత్తుకుంటారు. దాంతో లాగుడు ఇంకా పెరుగుతుంది. బార్ వదిలేయాలి. అప్పటికీ లొంగకపోతే క్విక్ రిలీజ్ నొక్కేయాలి. అది చూడకుండానే చేతికి తగిలేలా ఒడ్డు మీదే సాధన చేయండి.

ఒక్కటే కొనగలిగితే 9 కొనండి. గాలి పలచగా ఉన్న రోజున 12 అద్దెకు తీసుకోండి. ఏది ఎగరేయాలో తేలకపోతే చిన్నదే తీయండి.