మేత తొట్టి – కాయక ధర్మము

వృషభ శబ్దమునకు బసవ శబ్దము తద్భవము. వీరశైవ సంప్రదాయము బసవేశ్వరుని నందీశ్వరుని అవతారముగా భావించుచున్నది. పాల్కురికి సోమనాథుడు ఆ మహనీయుని చరిత్రను బసవపురాణమను పేర ద్విపదలో రచించి తెలుగువారి కందించెను. గుడిలోని నందికి పూలమాల వేసి నమస్కరించిన గృహస్థుడు, ఇంటికి వచ్చి కొట్టములోని ఎద్దునకు మేతను పేడమీదనే పడవేసినచో, ఆ భక్తి సగము త్రోవలో ఆగిపోయినట్లే. సకల ప్రాణులయందు దయ గలిగియుండుమని బసవేశ్వరుడు బోధించెను. ఆ దయ పనిలో కనబడవలెను.

మారయ్య, లక్కమ్మ

12వ శతాబ్దమున కల్యాణమునందు నివసించిన శరణులలో ఆయ్దక్కి మారయ్య యొకడు. కన్నడమున ‘ఆయ్ద అక్కి’ యనగా ఏరిన బియ్యము. నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి దాసోహము నడపుటయే అతని కాయకము. ఒకనాడు అతడు మామూలుకంటె ఎక్కువ బియ్యము తేగా, అతని ధర్మపత్ని లక్కమ్మ, అక్కరకు మించినది మనకు వలదని మందలించి, తిరిగి పోసి రమ్మనెనని శరణుల కథలు చెప్పుచున్నవి. రాలినదానిని ఏరుట మారయ్య నేర్పిన పాఠము. కూడనిదానిని వదలుట లక్కమ్మ నేర్పిన పాఠము. మేత తొట్టి నిర్మాణమునకు ఈ రెండు పాఠములును కావలెను.

నేలమీది మేత

నేలపై వేసిన చొప్పను పశువు కొంత తిని, కొంత త్రొక్కి, మిగిలినదానిపై పేడ వేయును. మేక యైతే మైలపడిన ఆకును ముట్టనే ముట్టదు. పేడతో కలిసిన మేతవలన కడుపులో పురుగులు పెరుగును. గడ్డి కరవైన వేసవిలో త్రొక్కుడు పడిన ప్రతి మోపు ఆ కుటుంబమునకు నష్టమే. సిమెంటు గాడి కట్టించు స్తోమత లేనివారు పాత సామానుతోనే తొట్టిని చేసికొనవచ్చును.

పశువుల తొట్టి

వంటనూనె వంటి ఆహారపదార్థములు నిలువచేసిన 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్మును శుభ్రముగా కడిగి, చేతి రంపముతో నిలువునా రెండుగా కోయవలెను. సుమారు 88 సెంటీమీటర్ల పొడవుగల రెండు తొట్లు లభించును. కోసిన అంచులను ఆకురాయితో నునుపు చేసి, పాత నీటి గొట్టమును చీల్చి వానికి తొడుగవలెను. నాలుగు గుంజలు పాతి, ఇరుప్రక్కల పాత దూలపు ముక్కలను అమర్చి, వాని నడుమ తొట్టిని బోల్టులతో బిగింపవలెను. అంచు నేలనుండి సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తున నుండుట పెద్ద పశువునకు అనుకూలము. కడిగిన నీరు పోవుటకు అడుగున రెండు చిన్న రంధ్రములు చేయవలెను. ఒక తొట్టి ఒక పెద్ద పశువునకు చాలును.

మేకల తొట్టి

మేక సహజముగా తల యెత్తి ఆకు మేయు జీవము. పాత మంచపు పట్టెలను, వెదురు బద్దలను కొట్టి, పైన వెడల్పుగను క్రింద ఇరుకుగను ఉండునట్లు ఒక చట్రమును చేయవలెను. బద్దల నడుమ సందు సుమారు 5 సెంటీమీటర్లుండవలెను. అందు తలగాని కొమ్ముగాని దూరరాదు. దానిని మేక భుజమెత్తున నిలుపవలెను. అంతకు మించినచో నూగు కండ్లలో పడును. రెండవ తొట్టిని దాని క్రింద ఉంచినచో రాలిన ఆకు నేలపాలు గాక దానిలో పడును. ఇది మారయ్య కాయకమే.

ఏరరాని వస్తువులు

పురుగుమందుల డ్రమ్మును ఎన్నిసార్లు కడిగినను తొట్టిగా వాడరాదు. పెట్రోలు, డీజిలు వంటివి ఉంచిన డ్రమ్మును కోయబూనరాదు. లోపల మిగిలిన ఆవిరి నిప్పురవ్వకు ప్రేలి మనుష్యుని ప్రాణము తీయగలదు. పాత రంగు పూసిన చెక్కయు తగదు. కొన్ని పాత రంగులలో సీసముండును; దానిని నాకిన దూడలు చచ్చును. లారీ టైరును కోసినచో లోని ఉక్కుతీగలు బయటపడును. పశువు నమలక మ్రింగు స్వభావము గలది. మేతతోబాటు మ్రింగిన తీగముక్క, మేకు కడుపులో నిలిచి, గోడను చీల్చుకొని గుండెవరకును పోగలదు. కావున పని ముగిసిన పిదప నేలను ఊడ్చి, మేకులను లెక్కించి తీసికొనవలెను. చౌకగా దొరికినదను ఆశతో ఇట్టి వస్తువును ఇంటికి తెచ్చినచో, తొట్టియే ఆ మూగజీవమునకు మృత్యువగును.

ముగింపు

దాసోహమనగా మనుష్యులకు మాత్రమే పెట్టునది కాదు. ఏడాది పొడవునా దుక్కి దున్ని, పాలిచ్చి పోషించు జీవమునకు శుభ్రమైన చోట మేత పెట్టుటయు దాసోహమే. ప్రతి మఠమునందలి గోశాలలోను, ప్రతి గృహస్థుని కొట్టములోను బాలబాలికలచేత ఇట్టి తొట్టిని ఒకదానిని పెద్దల పర్యవేక్షణలో చేయించినచో, కాయకమను మాటకు అర్థము వారికి చేతులద్వారా తెలియును.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. లక్కమ్మ మందలింపును పాత సామాను ఎన్నుకొనుటకు ఎట్లు అన్వయింపవచ్చును?
2. మీ కొట్టములో దినమునకు ఎంత మేత త్రొక్కుడు పడుచున్నది? ఒక వారము తూచి చూడుడు.