కనబడని కిరణములు

గోదావరికి వరద వచ్చినపుడు మనము కన్నులతో చూచి గట్టెక్కుదుము. నిప్పు తాకినచో చేయి చుఱుక్కుమనును. కాని రేడియోధార్మిక పదార్థముల నుండి వెలువడు కిరణములు కంటికి కనబడవు. సోకినపుడు నొప్పియు తెలియదు. వాటినుండి మనలను కాపాడునవి జ్ఞానము, నియమపాలనము.

భీమవరము చెంత గొరగనమూడి గ్రామమున 1896లో జన్మించిన స్వామి జ్ఞానానందులు సన్న్యాసియయ్యును ఐరోపాకేగి భౌతికశాస్త్రము నభ్యసించిరి. పిమ్మట విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయములో కేంద్రక భౌతికశాస్త్ర శాఖకు పునాది వేసిరి. అచ్చటి పరిశోధనశాలలకు వారి పేరు పెట్టబడినది.

ఇట్టి ప్రయోగశాలలలో పనిచేయువారు మూడు సూత్రములను మరువరాదు. మొదటిది కాలము: కిరణముల చెంత ఎంత తక్కువసేపున్న అంత మేలు. కావుననే ఆ పదార్థము లేకుండ ముందుగా పనిని అభ్యాసము చేయుదురు. రెండవది దూరము: చిన్న పదార్థమునకు రెండింతలు దూరము జరిగినచో కిరణముల తీవ్రత నాలుగవ వంతగును. అందుచే దానిని చేతితో ముట్టక పొడవైన పటకారుతో పట్టుదురు. మూడవది అడ్డు: ఆల్ఫా కిరణములను కాగితమే ఆపును, గామా కిరణములకు దళసరి సీసము కావలెను.

కాగితము ఆపగల ఆల్ఫా కిరణములు గూడ, ఆ పదార్థము కడుపులోనికి పోయినచో మిక్కిలి హాని చేయును. కనుక ప్రయోగశాలలో తినుట, త్రాగుట నిషిద్ధము. పనివారు రొమ్మున ధరించు బిళ్ల కిరణములను ఆపదు. ఎంత సోకినదో లెక్క మాత్రము చెప్పును.

పని ముగిసిన పిదప గూడ జాగ్రత్త విడువరాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయమున ఏండ్ల తరబడి వాడక పడియున్న గామా కిరణ యంత్రమొకటి 2010లో పాత సామానుగా వేలము వేయబడెను. అందు కోబాల్టు-60 ఉండెను. దాని శక్తి సగమగుటకే ఐదేండ్లకు పైగా పట్టును. పిమ్మటి ఐదేండ్లలో మిగిలినదానిలో సగమే తగ్గును. ఈ సంగతి ఎఱుగని కూలీలు మాయాపురి బజారులో దానిని విడగొట్టిరి. పలువురు జబ్బుపడిరి, ఒకరు మరణించిరి. వారెవ్వరును ఆ కిరణములతో పరిశోధన చేసినవారు కారు.

బాలబాలికలారా! మీలో కొందరు రేపు అట్టి ప్రయోగశాలలలో అడుగిడుదురు. అచ్చట ప్రతి రేడియోధార్మిక వస్తువును పుస్తకములో వ్రాసియుంచవలెను. దాని పెట్టెపై హెచ్చరిక గుర్తుండవలెను. పనికిరానినాడు నియమానుసారముగ అధికారులకు అప్పగింపవలెను. ఒకరు వ్రాయ మరచిన పంక్తి, ఎన్నడును చూడని మరియొకరి ప్రాణమునకు ముప్పు కాగలదు.